మైక్రోఫైబర్ టవల్: జీఎస్ఎం నంబర్ చూసి కొని, బావ కారు గీతలు చేశాక తెలిసిన విషయాలు

ఫోన్లు, ఇయర్‌బడ్స్ రివ్యూలు చదవడానికి వస్తే తుడుచుకునే గుడ్డ గురించి ఆర్టికల్ ఏంటి అనుకుంటున్నారా? స్పెక్ షీట్ చూసి కొనడం, కొన్నాక ఆ స్పెక్ నిజమో కాదో చెక్ చేయడం మనకి అలవాటైన పనే కదా. ఈ టవల్స్‌కి కూడా స్పెక్ షీట్ ఉంటుంది. కెమెరాలకి మెగాపిక్సెల్ ఉన్నట్టు వీటికి జీఎస్ఎం అని ఒక పెద్ద నంబర్ ఉంటుంది. అది పెద్దగా కనిపిస్తే చాలు, మంచి టవల్ అని కొనేస్తాం. నేనూ అలాగే కొన్నాను.

మాది జనగామ. అక్కా బావా ఉండేది భూపాలపల్లిలో. పోయిన దసరాకి బావ కొత్త కారులో వచ్చాడు. కొని ఏడు నెలలు, రంగు నలుపు. మరుసటి రోజు బండికి పూజ చేయాలి కాబట్టి "నేను తుడుస్తా బావా, నా దగ్గర 1200 జీఎస్ఎం టవల్ ఉంది" అని గొప్పగా చెప్పాను. ముందు పొడిగుడ్డతో దుమ్ము దులిపి, తర్వాత నీళ్లు పోసి, మళ్లీ అదే టవల్‌తో తుడిచాను. సాయంత్రం ఎండలో కారు మెరిసిపోయింది. రాత్రి పెట్రోల్ బంక్‌కి వెళ్లినప్పుడు పైన ఎల్ఈడీ లైట్ల కింద చూస్తే బానెట్ నిండా సాలెగూడులా సన్నటి గుండ్రటి గీతలు.

"బామ్మర్దీ, ఇవేంది? పొద్దున లేకుండె గదా" అన్నాడు బావ. అంతే, ఇంకేమీ అనలేదు. తిట్టి ఉంటే కొంచెం తేలిగ్గా ఉండేది.

పండగ అయ్యాక హనుమకొండలో ఒక డీటెయిలింగ్ షాప్‌కి తీసుకెళ్లాం. అక్కడ ఒక మీటర్ పెట్టి పెయింట్ మందం చూపించారు. కారు పెయింట్ అంటే ఒకే పొర కాదు. కింద ప్రైమర్, దాని మీద రంగు, అన్నిటికంటే పైన రంగు లేని క్లియర్ కోట్. ఈ క్లియర్ కోట్ మామూలుగా 40-50 మైక్రాన్లు ఉంటుంది. మనం ప్రింటర్‌లో పెట్టే ఏ4 పేపర్ దాదాపు 100 మైక్రాన్లు. అంటే మెరుపు అంతా సగం కాగితం మందంలో ఉంది. గీతలు పోవాలంటే పాలిష్ చేయాలి. పాలిష్ చేయడమంటే గీత లోతు వరకు చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ని అరగదీయడం. ఒకసారి చేయొచ్చు, రెండోసారి జాగ్రత్తగా చేయొచ్చు. అది మళ్లీ పెరిగేది కాదు. తేలికపాటి పాలిష్ ఒకటి చేయించి, లోతుగా ఉన్న గీతలు అలాగే వదిలేశాం.

ఇక ఆ 1200 సంగతి చూద్దాం అని ఇంటికొచ్చి కూర్చున్నాను.

జీఎస్ఎం అంటే ఏంటి, ఇంట్లోనే ఎలా చెక్ చేయాలి

జీఎస్ఎం అంటే ఒక చదరపు మీటర్ గుడ్డ ఎన్ని గ్రాములు ఉంటుందో చెప్పే లెక్క. కాగితానికి కూడా ఇదే లెక్క. జిరాక్స్ పేపర్ 75 జీఎస్ఎం, దళసరి పెళ్లి కార్డు 300 జీఎస్ఎం అంటారు చూడండి, అదే. కాబట్టి దీన్ని ఎవరైనా ఇంట్లో కొలవొచ్చు. టవల్ పొడవు, వెడల్పు మీటర్లలో గుణించండి. వంటింటి డిజిటల్ కాటా మీద టవల్ బరువు చూడండి. బరువుని ఆ వైశాల్యంతో భాగిస్తే జీఎస్ఎం వచ్చేస్తుంది. కాటా లేకపోతే కిరాణా షాప్‌లో పెట్టించినా చాలు.

సాధారణంగా దొరికే 40×40 సెంటీమీటర్ల టవల్ వైశాల్యం 0.16 చదరపు మీటర్లు. అది 350 జీఎస్ఎం అయితే 56 గ్రాములు ఉండాలి. 500 అయితే 80, 800 అయితే 128. నా 1200 టవల్ 192 గ్రాములు తూగాలి. కాటా మీద 118 చూపించింది. అంటే 737 జీఎస్ఎం. అంచు కుట్టు బరువు కూడా అందులోనే ఉంది కాబట్టి అసలు గుడ్డ ఇంకా తక్కువే. రిటర్న్ గడువు అప్పటికే అయిపోయింది. మీరు మాత్రం కొత్త టవల్ వచ్చిన రోజే, ఉతకకముందే తూచండి.

నిజం చెప్పాలంటే అది అచ్చంగా 1200 ఉన్నా బావ కారు మీద గీతలు పడేవే. జీఎస్ఎం గుడ్డ ఎంత దళసరిగా ఉందో చెబుతుంది, అంతే. ఏ పోగుతో నేశారో, ఎలా నేశారో, ముఖ్యంగా ఆ గుడ్డలో ఇప్పుడు ఏం ఇరుక్కుని ఉందో చెప్పదు. నా విషయంలో ఆ మూడోదే కొంప ముంచింది.

అసలు మైక్రోఫైబర్ ఎలా పని చేస్తుంది

పోగు సన్నదనాన్ని డెనియర్‌లో చెబుతారు. 9000 మీటర్ల పోగు 1 గ్రాము తూగితే అది 1 డెనియర్. పట్టు పోగు ఇంచుమించు అంత ఉంటుంది. 1 డెనియర్ కంటే సన్నగా ఉంటేనే మైక్రోఫైబర్ అంటారు. ఇంత సన్నటి పోగుని 1970లో జపాన్‌లో టోరే కంపెనీ సైంటిస్ట్ మియోషి ఒకమోటో తయారు చేశారు. అది కార్లు తుడవడానికి కాదు, తోలులా ఉండే బట్ట కోసం. అదే అల్ట్రాస్వేడ్.

తుడిచే టవల్స్‌లో పాలిస్టర్, పాలిమైడ్ అనే రెండు ప్లాస్టిక్‌లు ఉంటాయి. పాలిమైడ్ అంటే నైలాన్. రెండూ కలిపి ఒకే పోగుగా తీసి, తర్వాత ఆ పోగుని నారింజ తొనల్లా చీలుస్తారు. చీలిన పోగు అడ్డంగా కోస్తే గుండ్రంగా ఉండదు, అంచులు ఉంటాయి. ఆ తొనల మధ్య సందుల్లోకి నీళ్లు, దుమ్ము వెళ్లి కూర్చుంటాయి. ప్యాకెట్ మీద 80/20, 70/30 అని ఉండేది ఈ రెండిటి శాతాలే. రెండో అంకె నైలాన్. అది ఎక్కువైతే సాధారణంగా మెత్తగా ఉండి, నీళ్లు బాగా పీల్చి, ధర కూడా ఎక్కువ ఉంటుంది.

చవక టవల్స్‌లో పోగు సరిగా చీల్చరు. చూడటానికి బొచ్చు ఉంటుంది, కానీ నీటిని పీల్చదు, తోసుకుంటూ పోతుంది. దీన్ని కూడా ఇంట్లోనే చెక్ చేయొచ్చు. అద్దం టేబుల్ మీద ఒక చెంచా నీళ్లు పోసి టవల్‌ని ఒత్తకుండా మీదుగా లాగండి. చీలిన పోగైతే నీళ్లు లోపలికి వెళ్లిపోతాయి. ఇంకో గుర్తు, పొడి అరచేతి మీద లాగితే మంచి టవల్ గరుకు చర్మానికి పట్టుకున్నట్టు అనిపిస్తుంది.

గీతల టెస్ట్ కోసం ఇంట్లో పాత సీడీ ఉంటే దాని మెరిసే వైపు ఆ టవల్‌తో గట్టిగా ఒక 20 సార్లు రుద్ది లైట్ కింద చూడండి. ముందు సీడీ మీద దుమ్ము లేకుండా కడగాలి, లేకపోతే టెస్ట్ అబద్ధం చెబుతుంది. మధ్యలో రుద్ది ఒకసారి, అంచు కుట్టు, ట్యాగ్ తగిలేలా రుద్ది ఒకసారి చూడండి. నా టవల్ మధ్య భాగం పాస్ అయ్యింది. ట్యాగ్, అంచు రెండూ ఫెయిల్. ట్యాగ్ కొన్న వెంటనే తీసేయాలి. అంచు కుట్టు లేనివి, అంటే ఎడ్జ్‌లెస్ అని అమ్మేవి, పెయింట్‌కి మంచివి.

మన దుమ్ములో ఏముంది

యూట్యూబ్‌లో చూసే డీటెయిలింగ్ వీడియోల్లో కారు మీద పుప్పొడి, వాన మరకలు ఉంటాయి. మన దగ్గర కథ వేరు. గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేల్‌లో అద్దం 5.5 దగ్గర ఉంటుంది. ఇసుకలో ఉండే క్వార్ట్జ్ 7. మన ఫోన్ స్క్రీన్ మీద గీతలు పడేది కూడా జేబులో తాళాల వల్ల కంటే ఇసుక రేణువు వల్లే. ఇక క్లియర్ కోట్ అనేది ఒక రకం ప్లాస్టిక్ లాంటిదే, అద్దంకంటే చాలా మెత్తన.

బావ రోజూ తిరిగేది పరకాల, భూపాలపల్లి, కాటారం రోడ్డు. బొగ్గు లారీలు, గోదావరి ఇసుక లారీలు వరసగా పోయే దారి. బొగ్గు పొడి నల్లగా భయపెడుతుంది గానీ బొగ్గు మెత్తని పదార్థం, దానంతట అది పెద్దగా గీయదు. దానితో కలిసి ఉండే రాతి పొడి, బూడిద, ఇసుక అసలు సమస్య. చెల్పూరులో కాకతీయ థర్మల్ కేంద్రం 500, 600 మెగావాట్ల యూనిట్లతో నడుస్తుంది. అలాంటి చోట బొగ్గు కాలాక మిగిలే బూడిదలో ఎక్కువ భాగం సిలికా, అల్యూమినా. చేతికి పౌడర్‌లా మెత్తగా తగులుతుంది, మైక్రోస్కోప్ కింద చూస్తే గాజు గోళీలు. ఇలాంటి దుమ్ము మీద పొడి టవల్ పెట్టి రుద్దడమంటే ఉప్పు కాగితంతో రుద్దినట్టే. నేను చేసింది అదే. టవల్ దళసరిగా ఉండడం వల్ల ఇంకా ఎక్కువ పట్టుకుని, కారంతా తిప్పింది.

మహబూబాబాద్ వైపు, అంటే మా అమ్మమ్మ వాళ్ల మానుకోట సైడు, చెలక నేలలు ఎక్కువ. ఎర్ర దుమ్ము. మిర్చి కల్లాల దగ్గరికి ఒకసారి కారు తీసుకెళ్తే డోర్ల కింద, వీల్ ఆర్చ్‌ల్లో ఎర్రటి పూత పడుతుంది. ఇందులో బంకమన్ను ఉంటుంది కాబట్టి తడిస్తే టవల్ బొచ్చులో అతుక్కుంటుంది, ఒక ఉతుకులో పోదు. పోయిందనుకుని ఆరేస్తే ఎండాక మళ్లీ పొడిగా బయటకొస్తుంది. అందుకే డోర్ల కింది భాగానికి, పైభాగానికి ఒకే టవల్ అస్సలు వాడకూడదు.

జనగామలో సమస్య దుమ్ము కంటే నీళ్లు. మా బోరు నీళ్లలో సబ్బు నురగ రాదు. గీజర్ కాయిల్ ఏడాదికి తెల్లగా గడ్డ కడుతుంది. ఆ నీళ్లు కారు మీద ఎండితే తెల్ల చుక్కలు. అందుకని ఇక్కడ నీళ్లు త్వరగా పీల్చే డ్రైయింగ్ టవల్ అన్నిటికంటే ముఖ్యం. ఇంకో మాట, నీళ్లు వృథా కావద్దని ఆర్ఓ ఫిల్టర్ నుంచి వదిలేసే నీళ్లతో కారు కడిగేవాళ్లు చాలామంది ఉన్నారు. మా నాన్న కూడా. ఉద్దేశం మంచిదే, కానీ ఫిల్టర్ తీసేసిన లవణాలన్నీ ఆ నీళ్లలోనే ఉంటాయి. గచ్చు కడగండి, కారు వద్దు. ఎండాకాలంలో ఏసీ పైపు నుంచి కారే నీళ్లు మాత్రం పట్టి పెట్టుకోండి. అది గాలిలో తేమ చల్లబడి వచ్చిన నీరు, లవణాలు దాదాపు ఉండవు. బట్టలో వడకట్టి చివరి కడుగుకి వాడితే చుక్కలు పడవు. టవల్ చివరిసారి జాడించడానికి కూడా నేను ఇదే వాడుతున్నా.

ఏవి కొనాలి

ఒక ఖరీదైన టవల్ కంటే నాలుగైదు మామూలు టవల్స్ మేలు. ఈ ఆర్టికల్ మొత్తంలో ఇది ఒక్కటి గుర్తున్నా చాలు. టవల్‌లో దుమ్ము నిండాక మార్చడానికి ఇంకోటి చేతిలో ఉండాలి, లేకపోతే బద్ధకంతో అదే రుద్దుతాం.

నీళ్లు ఆరబెట్టడానికి వాఫిల్ వీవ్ లేదా ట్విస్టెడ్ లూప్ రకం పెద్దది ఒకటి. వాఫిల్ అంటే గళ్లు గళ్లుగా ఉండేది, ట్విస్టెడ్ లూప్ అంటే మెలితిప్పిన ఊలు దారాల్లా ఉండేది. కారు సైజ్ బట్టి 60×90 సెంటీమీటర్ల దగ్గర తీసుకుంటే ఒకటే సరిపోతుంది. వ్యాక్స్, పాలిష్ తుడవడానికి 350 నుంచి 500 జీఎస్ఎం, ఎడ్జ్‌లెస్, రెండు మూడు. అద్దాలకి, లోపలి టచ్‌స్క్రీన్‌కి 200-300 జీఎస్ఎం పొట్టి బొచ్చువి. ఇక్కడ బొచ్చు ఎక్కువ ఉంటే నూగు వదులుతుంది. వీల్స్‌కి, సైలెన్సర్‌కి కొత్తది కొనే పనే లేదు, పాతవి పనికొస్తాయి.

రంగులు వేరువేరుగా కొంటే కలిసిపోవు. నేను నీలం పెయింట్‌కి, పసుపు అద్దాలకి, బూడిద రంగు లోపల సీట్లకి పెట్టుకున్నా. ఒక టవల్ పెయింట్ నుంచి సీట్లకి, సీట్ల నుంచి వీల్స్‌కి, చివరికి బైక్ చైన్‌కి దిగొచ్చు. కింద నుంచి పైకి మాత్రం ఎక్కకూడదు, ఎంత బాగా ఉతికినా సరే. దిగిన ప్రతిసారి మూలన ఒక ఎర్ర దారం కుట్టు వేస్తా. మా అమ్మ దీన్ని చూసి నవ్వుతుంది, కానీ ఆమే ఒకసారి నా నీలం టవల్‌తో గ్యాస్ స్టవ్ తుడిచింది. దానికి వెంటనే రెండు కుట్లు పడ్డాయి.

ఎలా తుడవాలి

ముందు నీళ్లతో దుమ్ము వదిలించాలి. ఇంటి పైపులో ప్రెజర్ లేకపోతే వాటర్ సర్వీసింగ్ దగ్గర ఒట్టి ప్రెజర్ వాటర్ మాత్రమే కొట్టించి, తుడిచే పని మీరే చేసుకోండి. చాలా చోట్ల అందరి కార్లకీ ఒకే గుడ్డ, ఒకే బకెట్. "గుడ్డ పెట్టకు తమ్మీ" అని ముందే చెప్పండి. రోడ్డు పక్కన ఆపి నీళ్లు లేకుండా స్ప్రే కొట్టి తుడిచే ప్రోడక్ట్స్ అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఉండే కార్లకి ఓకే. భూపాలపల్లి దుమ్ముకి వద్దు.

టవల్‌ని రెండుసార్లు మడిచి నాలుగు పొరలు చేస్తే వాడుకోవడానికి ఎనిమిది ముఖాలు వస్తాయి. ఒక డోర్ అయ్యాక ముఖం మార్చండి. పైన రూఫ్‌తో మొదలుపెట్టి కిందికి రండి. గుండ్రంగా తిప్పకుండా నిలువుగానో అడ్డంగానో నేరుగా లాగండి, చెయ్యి బరువు మీద వేయకండి. ఆరబెట్టేటప్పుడు అసలు రుద్దే పనే లేదు. టవల్‌ని బానెట్ మీద దుప్పటిలా పరిచి మెల్లగా లాగితే చాలు. కింద పడిన టవల్ ఆ రోజుకి అయిపోయినట్టే. దులిపి మళ్లీ వాడాలని చెయ్యి లాగుతుంది, వద్దు.

ఉతకడంలోనే అందరం తప్పు చేసేది

మంచి టవల్ కొని కూడా మూడు నెలల్లో గట్టి అట్టలా చేసుకునేది ఉతికేటప్పుడే. కొత్తది వాడకముందే ఒకసారి ఉతకాలి, నూగు, మిగిలిన రంగు పోతాయి. లుంగీలు, బనియన్లు, కాటన్ టవల్స్‌తో కలిపి మెషిన్‌లో వేయొద్దు. వాటి నూగంతా మైక్రోఫైబర్ పట్టుకుంటుంది, పట్టుకోవడమే దాని పని కదా. బండ మీద బాదడం, బ్రష్ కొట్టడం కూడా వద్దు.

పౌడర్ కంటే లిక్విడ్ డిటర్జెంట్ వాడండి. మన గట్టి నీళ్లలో పౌడర్ పూర్తిగా కరగక పోగుల మధ్య మిగిలిపోతుంది. మంచి వాసన కోసం వేసే ఫ్యాబ్రిక్ కండిషనర్ అస్సలు వద్దు, అది పోగు మీద జిడ్డు పొరలా కూర్చుని నీళ్లు పీల్చే గుణాన్ని చంపేస్తుంది. బ్లీచ్ నైలాన్‌ని తినేస్తుంది. నీళ్లు గోరువెచ్చగా, 40 డిగ్రీల దగ్గర చాలు. మరిగే నీళ్లు, ఇస్త్రీ వద్దు. ఇది ప్లాస్టిక్ అని మర్చిపోకండి, వేడికి పోగు చివరలు వంకరపోయి బిరుసెక్కుతాయి.

ఇప్పటికే గట్టిపడిన టవల్ ఉంటే పారేయకముందు ఒక ప్రయత్నం చేయండి. బకెట్ నీళ్లలో అర కప్పు తెల్ల వెనిగర్ కలిపి ఒక అరగంట నానబెట్టి, మంచి నీళ్లతో జాడించండి. గట్టిపడింది నీళ్లలోని సున్నం వల్ల అయితే మెత్తబడుతుంది. వేడికి కాలి బిరుసైతే తిరిగి రాదు. వెనిగర్, బ్లీచ్ మాత్రం ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది.

ఆరేయడం నీడలో, వీలైతే ఇంట్లోపల. దండెం మీద ఎండలో వేస్తే నైలాన్ దెబ్బతింటుంది, పైగా గాలికి వచ్చిన దుమ్మంతా తడి టవల్‌కి అంటుకుంటుంది. ఆరాక మూత ఉన్న డబ్బాలో పెట్టండి. వాడే ముందు లైట్ కింద పరిచి వేళ్లతో తడమండి. నాకు ఒకసారి ఎండిన ఆకు ముక్క, ఇంకోసారి చిన్న రాయి దొరికాయి. ఆ రాయి దొరకకపోయి ఉంటే బావ ముఖం మళ్లీ చూడగలిగేవాణ్ణి కాదు.

పసుపు మరక గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దసరాకి ప్రతి ఇంట్లో బండికి పసుపు, కుంకుమ, బొట్లు తప్పవు. అవి ఎండాక పొడిగా గీకొద్దు. తడి గుడ్డ రెండు నిమిషాలు మీద ఆనించి నానాక ఎత్తేయండి, దానికోసం రెండో శ్రేణి టవల్ ఒకటి పెట్టుకోండి. సబ్బు తగిలితే పసుపు ఎర్రగా మారుతుంది, కంగారు పడొద్దు, సబ్బులోని క్షారం వల్ల అలా అవుతుంది. ఉతికాక మిగిలిన పసుపు రంగు ఎండకి పోతుంది. ఈ ఒక్క టవల్‌ని మాత్రం కాసేపు ఎండలో వేయొచ్చు.

అద్దం, స్క్రీన్ సంగతి

వ్యాక్స్ తుడిచిన టవల్ విండ్‌షీల్డ్‌కి తగిలితే పగలు ఏమీ కనిపించదు. రాత్రి ఎదురుగా లారీ హై బీమ్ వేసినప్పుడు అద్దమంతా పాలు పోసినట్టు అవుతుంది. పరకాల దాటాక ఆ రోడ్డు మీద బావ రాత్రి షిఫ్ట్ అయ్యాక ఒక్కడే నడుపుతాడు. పెయింట్ మీద గీతలు చూడటానికి బాగోవు, అంతే. ఇది అలా కాదు. అందుకే అద్దాల టవల్ విడిగా ఉతుకుతా, విడి డబ్బాలో పెడతా.

టచ్‌స్క్రీన్, రివర్స్ కెమెరా లెన్స్‌కి కూడా ఆ పొట్టి బొచ్చు రకమే. స్క్రీన్ ఆఫ్ చేసి, నీళ్లు గుడ్డ మీద చల్లి తుడవండి, స్క్రీన్ మీద నేరుగా కొట్టకండి. కెమెరా లెన్స్ మీద ముందు నీళ్లు పోసి మట్టి వదిలాకే గుడ్డ పెట్టాలి. 2021లో ఆపిల్ మన దగ్గర 1,900 రూపాయలకి పాలిషింగ్ క్లాత్ అమ్మినప్పుడు అందరం మీమ్స్ వేసుకున్నాం. నేను పెయింట్‌కి, అద్దానికి, లోపలికి కలిపి తొమ్మిది టవల్స్ అందులో సగం ఖర్చుకి కొన్నాను. ప్రతిదీ తూచాను. ఒకటి తప్ప మిగతావన్నీ చెప్పిన జీఎస్ఎంకి దగ్గరగానే వచ్చాయి, తక్కువొచ్చినది ఈసారి గడువు లోపలే వాపస్ పంపించాను.

అందులోంచి ఐదు అక్క వాళ్లింటికి పంపాను, దారం కుట్ల లెక్క కూడా ఒక కాగితం మీద రాసి. బావ ఫోన్ చేసి "నీళ్లు నేను కొడతా, నువ్వు పక్కన నిలబడి చెప్పు, గుడ్డ మాత్రం ముట్టకు" అన్నాడు. సరే అన్నాను.